హైదరాబాద్–సింగపూర్ గగన మార్గం: దూరం, ప్రయాణకాలం

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికీ సింగపూర్‌లోని చాంగి విమానాశ్రయానికీ మధ్య భూమి ఉపరితలం మీదుగా కొలిచిన అతి తక్కువ దూరం సుమారు 3,305 కిలోమీటర్లు, అంటే 1,785 నాటికల్ మైళ్లు. మధ్యలో ఆగకుండా వెళ్లే విమానానికి టైమ్‌టేబుల్ చూపే ప్రయాణకాలం నాలుగున్నర గంటలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన చూసినవారికి మొదటిదాన్ని విమాన వేగంతో భాగిస్తే రెండోది వస్తుందనిపించడం సహజం. నిజానికి ఆ రెండూ వేర్వేరు జాతుల అంకెలు. దూరం భూమి ఆకారం మీద, రెండు బిందువుల స్థానం మీద ఆధారపడిన కొలత కాబట్టి మారదు. ప్రయాణకాలం మాత్రం గాలి, దారి, రన్‌వే దిశ, విమాన రకం, విమానాశ్రయాల రద్దీ, విమాన సంస్థ వేసుకునే అంచనా అన్నీ కలిసి తయారుచేసే సంఖ్య. ఏ గడియారంతో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచారో చెప్పకుండా ఇచ్చిన ప్రయాణకాలానికి నిర్దిష్టమైన అర్థం ఉండదు. హైటెక్ సిటీ నుంచి ఆగ్నేయాసియాకు తరచూ తిరిగే ఉద్యోగులున్న సైబరాబాద్ ప్రాంతానికి ఈ తేడా ఆచరణలో చాలా ముఖ్యమైనది.

దూరం: మహావృత్త కొలత

గోళం మీద రెండు బిందువులను కలిపే అతి చిన్న దారి మహావృత్తంలో, అంటే గోళపు కేంద్రమే తన కేంద్రంగా ఉన్న వృత్తంలో, ఒక భాగం. విమానయానంలో రెండు నగరాల మధ్య దూరం అన్నప్పుడు సాధారణంగా ఉద్దేశించేది ఇదే. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. చాంగి 1.36 డిగ్రీల ఉత్తరం, 103.99 డిగ్రీల తూర్పు. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళంగా తీసుకుని లెక్కిస్తే 3,305 వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయినది కాబట్టి దీర్ఘవృత్తాకార నమూనాతో లెక్కిస్తే ఫలితం స్వల్పంగా మారుతుంది; గోళపు లెక్కలో పొరపాటు అర శాతం దాటదు. భూమి ఆకారాన్ని కొలిచిన చరిత్రలో దక్కనుకు పెద్ద పాత్రే ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే 78వ రేఖాంశానికి చేరువగా ఉత్తరానికి సాగుతూ నిజాం రాజ్యం మీదుగా వెళ్లింది. ఆ కొలతల నుంచే ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభం అనే భూమి నమూనా పుట్టింది. అయితే నేటి విమానయానం వాడేది ఉపగ్రహాల కాలపు ప్రపంచ ప్రమాణం.

ఈ మహావృత్త రేఖను పటం మీద గీసి చూస్తే తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగించే దారి కనిపిస్తుంది. శంషాబాద్ నుంచి తూర్పు–ఆగ్నేయ దిశగా, ఉత్తరం నుంచి సుమారు 120 డిగ్రీల కోణంలో బయలుదేరిన రేఖ కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమ దగ్గర తీరం దాటుతుంది. బంగాళాఖాతం మీదుగా నికోబార్ దీవుల మధ్య భాగాన్ని, అంటే కామోర్టా, నాన్‌కౌరీ దీవుల పరిసరాలను తాకి, మలక్కా జలసంధి దాటి మలేసియాలో ప్రవేశిస్తుంది. అక్కడ కౌలాలంపూర్ విమానాశ్రయానికి అతి చేరువగా వెళ్లి సింగపూర్ చేరుతుంది. శంషాబాద్ నుంచి కౌలాలంపూర్ విమానాశ్రయానికి సుమారు 3,010 కిలోమీటర్లు, అక్కడి నుంచి చాంగికి సుమారు 297. రెండూ కూడితే నేరు దూరానికి ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో సరిపోతుంది. అంటే ఈ మూడు నగరాలూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. బ్యాంకాక్ ఈ గీతకు బాగా ఉత్తరాన, శంషాబాద్‌కు సుమారు 2,420 కిలోమీటర్ల దూరంలో ఉంది.

విమానం ఈ గీతను అచ్చంగా అనుసరించదు. ముందే నిర్ణయించిన వాయుమార్గాల మీద, పేర్లు పెట్టిన బిందువుల గుండా వెళుతూ చెన్నై, కౌలాలంపూర్, సింగపూర్ గగనతల సమాచార మండలాల నియంత్రణలోకి వరుసగా మారుతుంది. అందువల్ల ఎగిరిన దూరం మహావృత్త దూరం కన్నా ఎప్పుడూ ఎక్కువే. బంగాళాఖాతం మీద ఉరుముల మేఘాలు పేరుకున్నప్పుడు, ముఖ్యంగా అక్టోబర్–డిసెంబర్ తుఫానుల కాలంలో, విమానం వాటిని చుట్టి వెళ్లాల్సి వస్తుంది. నేరు దూరం, మార్గ ప్రణాళికలో రాసుకున్న దూరం, ఆ రోజు వాస్తవంగా ఎగిరిన దూరం అనే మూడింటిలో మొదటిది మాత్రమే శాశ్వతం.

మార్గ చరిత్ర: రేవుల నుంచి శంషాబాద్ దాకా

తెలుగువారికి ఆగ్నేయాసియాతో రాకపోకలు విమానం కన్నా చాలా పాతవి. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలమంది రంగూనుకు వెళ్లారు; బర్మాలో తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. మలయా తోటలకు వెళ్లినవారి వారసులు 1955లో స్థాపించుకున్న సంఘం నేటికీ మలేసియాలో ఉంది. సింగపూర్ తెలుగు సమాజం 1975లో ఏర్పడింది. రజులా అనే ఆవిరి ఓడ 1926 నుంచి దాదాపు ఐదు దశాబ్దాలు మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు తిరిగింది. ఆ ప్రయాణానికి వారం రోజులు అటూ ఇటూగా పట్టేది. దూరం ఆనాడూ ఈనాడూ ఒక్కటే.

1930ల మధ్యలో బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు సాగిన తొలి విమాన మార్గం కరాచీ, కలకత్తా, రంగూన్, బ్యాంకాక్ మీదుగా సింగపూర్ చేరేది. ఆనాటి విమానాలు కొద్ది వందల కిలోమీటర్లకోసారి దిగి ఇంధనం నింపుకోవాలి కాబట్టి కలకత్తా దాటాక తీరం వెంబడి పోవడం తప్పనిసరి. బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటే గీత మీద ఉన్న హైదరాబాద్‌కు అందులో చోటు లేదు. ఇక్కడ నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా దేశంలోని నగరాలకు నడిచి, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. సింగపూర్ ప్రధాన విమానాశ్రయం కాలాంగ్ (1937), పాయా లేబార్ (1955) మీదుగా 1981లో చాంగికి మారింది. హైదరాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ అనుబంధ సంస్థ సిల్క్ ఎయిర్ చాలా ఏళ్లు నడిపిన హైదరాబాద్–సింగపూర్ సర్వీసు, ఆ సంస్థ 2021లో మాతృసంస్థలో కలిసిపోవడంతో మాతృసంస్థ పేరు మీదికి వచ్చింది. ఇండిగో కూడా ఈ మార్గంలో నడుస్తోంది.

ప్రయాణకాలం: రకాలు, అర్థాలు

విమానయానంలో కాలాన్ని కనీసం మూడు రకాలుగా కొలుస్తారు. చక్రాలు రన్‌వేను వదిలినప్పటి నుంచి మళ్లీ నేలను తాకేదాకా పట్టేది గగనకాలం. బయలుదేరే గేటు నుంచి వెనక్కి కదిలినప్పటి నుంచి చేరిన గేటు దగ్గర ఆగేదాకా పట్టేది బ్లాక్ టైమ్. టికెట్ మీద కనిపించేది దీనికి విమాన సంస్థ వేసిన అంచనా. మూడోది ఇంటి గుమ్మం నుంచి చేరాల్సిన గుమ్మం దాకా పట్టే మొత్తం కాలం. సాధారణ సమాచార పట్టికల్లో ఈ మూడింటికీ ‘ప్రయాణకాలం’ అన్న ఒకే మాట వాడటం వల్ల, అదే నగరాల జంటకు ఒకచోట నాలుగు గంటలని, మరోచోట నాలుగు ముప్పావని కనిపిస్తుంది. రెండూ తప్పు కాకపోవచ్చు. ఒకటి గగనకాలం, ఇంకొకటి బ్లాక్ టైమ్ అయ్యుంటుంది.

టైమ్‌టేబుల్లోని బ్లాక్ టైమ్ ఏ ఒక్క విమానం కొలతా కాదు. గత సీజన్లలో అదే మార్గంలో, అదే వేళలో వాస్తవంగా పట్టిన కాలాలను చూసి, ఎక్కువ రోజులు సకాలానికి చేరేలా సంస్థ ఎంచుకున్న సంఖ్య అది. మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారే సీజన్లతో పాటు అదీ మారవచ్చు. అవసరమైన దానికన్నా ఎక్కువ కాలం చూపించి, ముందే చేరామని చెప్పుకోవడం ప్రయాణికుడిని మభ్యపెట్టడమేనన్న విమర్శ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే చాంగిలో మరో విమానం పట్టుకోవాల్సినవారికి సగటు కాలం కన్నా నమ్మదగిన కాలమే ఉపయోగం. సగటును ముద్రిస్తే దాదాపు సగం రోజులు ఆలస్యంగా చేరినట్టే లెక్క. కొంత ఎడం పెట్టుకున్న అంకె ఈ అవసరానికి తగినది. దాన్ని భౌతిక కొలతగా చదవడమే పొరపాటు.

వేగం, గాలి, రన్‌వే దిశ

సన్నటి, ఒకే నడవ ఉన్న ఎయిర్‌బస్ ఏ320 తరగతి విమానం ధ్వనివేగంలో 0.78 వంతు, అంటే గంటకు 830–850 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. రెండు నడవల ఏ350 ధ్వనివేగంలో 0.85 వంతు, అంటే గంటకు 900 కిలోమీటర్ల పైచిలుకు. 3,305 కిలోమీటర్ల మార్గంలో ఈ తేడా విలువ సుమారు పావుగంట. గంటకు 850 చొప్పున భాగిస్తే మూడు గంటల యాభై మూడు నిమిషాలు వస్తుంది. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి దానికి కొన్ని నిమిషాలు, దారి వంపులకు కొన్ని, రెండు విమానాశ్రయాల్లో నేల మీద నడిచేందుకు పాతిక దాకా చేర్చితే నాలుగున్నర దరిదాపులకు చేరతాం.

గాలి విషయంలో తూర్పుకు పోయే విమానం ఎప్పుడూ తొందరగా చేరుతుందన్న నమ్మకం బాగా వ్యాపించి ఉంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా తూర్పు ఆసియాకు, లేదా అమెరికా–ఐరోపా మధ్య తిరిగేవారి అనుభవం అదే చెబుతుంది. మధ్య అక్షాంశాల్లో చలికాలపు పశ్చిమ జెట్ ప్రవాహం బలంగా ఉండటం దానికి కారణం. కానీ సింగపూర్ మార్గం ఉష్ణమండలంలో ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం మీద, 14–16 కిలోమీటర్ల ఎత్తు కేంద్రంగా, తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి వీస్తుంది. ఈ ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని వివరించిన శాస్త్రవేత్త, తరువాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పి. కోటేశ్వరం. ఆయన పరిశోధన పత్రం 1958లో వెలువడింది. విమానాలు ఎగిరే 11–12 కిలోమీటర్ల ఎత్తు ఆ ప్రవాహపు కేంద్రానికి కింద ఉన్నా, దాని ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. దారి పొడవునా సగటున గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే పావుగంట పెరుగుతుంది. అదే గాలి వెనకనుంచి వస్తే దాదాపు అంతే తగ్గుతుంది. కాబట్టి వానాకాలంలో సింగపూర్ వెళ్లడం కన్నా తిరిగి రావడమే తొందరగా కావచ్చు. చలికాలంలో మార్గపు హైదరాబాద్ వైపు భాగంలో పశ్చిమ గాలులు వీచి లెక్క తారుమారవుతుంది.

ఇందులో మరో మెలిక ఉంది. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్ల పొడవున తూర్పు–పడమరగా వేసింది. విమానం గాలికి ఎదురుగా పైకి లేస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో హైదరాబాద్‌లో నేల మీద గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి విమానం పడమరకు లేచి, ఆ తర్వాత ఆగ్నేయానికి తిరగాలి. ఆ మలుపుకు కొద్ది నిమిషాలు పోతాయి. ఆ ఋతువులో కింద వీచే గాలీ పైన వీచే గాలీ ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో ఉన్నా, రెండూ సింగపూర్ వెళ్లే విమానానికే నష్టం చేస్తాయి.

చిన్న దూరాల లెక్క: కౌలాలంపూర్–సింగపూర్

దూరాన్ని 800తో భాగించి అరగంట కలిపితే చాలదా అని అడగవచ్చు. ఆ సూత్రం హైదరాబాద్–సింగపూర్‌కు బాగానే పనిచేస్తుంది: నాలుగు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు వస్తుంది, టైమ్‌టేబుల్‌కు దూరం కాదు. అయితే అది సరిపోవడం సూత్రం గొప్పతనం వల్ల కాదు, దూరం మధ్యరకంగా ఉండటం వల్ల. అదే గీత చివరి ముక్క, ప్రపంచంలో అత్యంత రద్దీ అంతర్జాతీయ మార్గాల్లో ఒకటైన కౌలాలంపూర్–సింగపూర్, దీనికి పరీక్ష. 297 కిలోమీటర్లకు సూత్రం యాభై రెండు నిమిషాలు చూపిస్తుంది. టైమ్‌టేబుల్లో మాత్రం గంటకు పైనే ఉంటుంది. విమానం పూర్తి ఎత్తుకు చేరకముందే దిగడం మొదలుపెట్టాలి. గేటు నుంచి రన్‌వేకు నడక, లేవడానికి వరుసలో నిరీక్షణ, చాంగి దగ్గర దిగే వరుసలో చోటు, ఇవన్నీ దూరంతో సంబంధం లేకుండా పట్టే కాలాలు. హైదరాబాద్–సింగపూర్ దూరం దీనికి పదకొండు రెట్లు. కాలం మాత్రం దాదాపు నాలుగు రెట్లే. ప్రయాణకాలంలో దూరంతో పెరిగే భాగం ఒకటి, పెరగని భాగం మరొకటి ఉన్నాయనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు అక్కర్లేదు. దూరం తగ్గేకొద్దీ రెండో భాగమే పెత్తనం చేస్తుంది.

గడియారం: కాలమండలాల తేడా

భారత ప్రామాణిక కాలం కాకినాడకు చేరువగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. సింగపూర్ గడియారం దానికన్నా రెండున్నర గంటలు ముందు. రేఖాంశాలను బట్టి శంషాబాద్‌కూ చాంగికీ సూర్యుడి లెక్కలో తేడా గంటా నలభై రెండు నిమిషాలే. మిగిలిన నలభై ఎనిమిది నిమిషాలు ప్రభుత్వాల నిర్ణయాల ఫలితం. 1981 చివరి దాకా సింగపూర్ భారత్ కన్నా రెండు గంటలే ముందుండేది. మలేసియా తన రెండు భాగాలకూ ఒకే కాలం పాటించాలని నిర్ణయించి గడియారాన్ని అరగంట ముందుకు జరపగా, 1982 జనవరి 1న సింగపూర్ కూడా జరిపింది. ఇందువల్ల బయలుదేరిన, చేరిన వేళలను స్థానిక గడియారాల ప్రకారం తీసివేస్తే వచ్చేది ప్రయాణకాలం కాదు. రాత్రి పదకొండుకు హైదరాబాద్‌లో బయలుదేరి నాలుగున్నర గంటలు ఎగిరితే అక్కడ ఉదయం ఆరు. కాగితం మీద ఏడు గంటలు. తిరుగు ప్రయాణంలో అదే నాలుగున్నర రెండు గంటలుగా కనిపిస్తుంది.

నేల మీది భాగం: మాదాపూర్ నుంచి శంషాబాద్

రోడ్డు ప్రయాణం విమానయానంలో భాగం కాదని, దాన్ని ఇలాంటి వ్యాసంలో చేర్చడం విషయాన్ని దాటిపోవడమని అభ్యంతరం రావచ్చు. భౌగోళిక నిర్వచనం దృష్ట్యా ఆ అభ్యంతరం సరైనదే. కానీ హైదరాబాద్ చరిత్రే దానికి జవాబిస్తుంది. విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారడంతో సింగపూర్ మహావృత్త దూరం పది కిలోమీటర్ల లోపే తగ్గింది, అంటే గాలిలో ఒక నిమిషం కూడా కాదు. అదే మార్పుతో హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ నుంచి విమానాశ్రయానికి నేరు దూరం దాదాపు 9 కిలోమీటర్ల నుంచి 24కు పెరిగింది; రోడ్డు మీద ముప్పై దాటుతుంది. నగరాల మధ్య దూరం తగ్గినా, ఈ ప్రాంతవాసి మొత్తం కాలం పెరిగింది.

మొదట్లో ఉన్నంత భారం మాత్రం నిలవలేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్)లో గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క 2008లోనే తెరుచుకోవడంతో ఐటీ కారిడార్‌కు సిగ్నళ్లు లేని దారి దొరికింది. 2009లో వచ్చిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మెహిదీపట్నం వైపు నుంచి వచ్చేవారికి ఉపకరించింది. విమానాశ్రయానికి తిరిగే పుష్పక్ బస్సులు నగరంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి నడుస్తున్నాయి. మెట్రో 2019లో హైటెక్ సిటీకి, అదే ఏడాది రాయదుర్గానికి చేరింది. రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. ఏడాది తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ మార్గాన్ని పక్కన పెట్టింది. అందువల్ల ఈ ముక్కకు పట్టే కాలం ఇప్పటికీ రోడ్డు రద్దీ చేతిలోనే ఉంది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ బయోడైవర్సిటీ కూడలి దాటి ఓఆర్‌ఆర్ ఎక్కడానికే చాలా సేపు పట్టవచ్చు. అంతర్జాతీయ ప్రయాణికులు మూడు గంటల ముందే రావాలన్న సూచనను దీనికి కలిపితే, మాదాపూర్ నుంచి సింగపూర్ వెళ్లేవారు విమానం కదలకముందే దాదాపు విమానంలో గడిపేంత కాలం నేల మీద గడుపుతారు.

ప్రాధాన్యం: ఐటీ కారిడార్, ఇతర తెలుగు నగరాలు

సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి చేతుల మీదుగా ప్రారంభమైంది. తర్వాతి కాలంలో మాదాపూర్‌లోని ‘ది వి’ ఐటీ పార్కు సింగపూర్ సంస్థ అసెండాస్ చేతికి వచ్చింది. సింగపూర్‌కు చెందిన డీబీఎస్ బ్యాంకు తన దేశం వెలుపల తొలి సాంకేతిక అభివృద్ధి కేంద్రాన్ని 2016లో హైదరాబాద్‌లో నెలకొల్పింది. ఇలాంటి సంస్థలకు, గడియారపు తేడా రెండున్నర గంటలే కావడం వల్ల, రెండు చోట్లా పనివేళలు చాలాభాగం కలుస్తాయి. అమెరికాతో పనిచేసే బృందాలకు ఈ వెసులుబాటు లేదు.

దూరమే ప్రయాణకాలాన్ని నిర్ణయిస్తుందన్న వాదనకు ఇతర తెలుగు నగరాలు మరో జవాబు. సింగపూర్‌కు విశాఖపట్నం సుమారు 2,910 కిలోమీటర్లు, విజయవాడ సుమారు 3,050. రెండూ హైదరాబాద్ కన్నా దగ్గర. 2018 డిసెంబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో విజయవాడ నుంచి సింగపూర్‌కు ఇండిగో నేరుగా విమానం నడిపింది. అది వారానికి రెండు రోజులే నడిచి, 2019లో కొద్ది నెలలకే ఆగిపోయింది. ఆ సర్వీసు లేని కాలంలో శంషాబాద్ దారి ఎంచుకున్న విజయవాడవాసి సుమారు 275 కిలోమీటర్లు పడమరకు రోడ్డు మీద వచ్చి, శంషాబాద్‌లో విమానమెక్కి, మళ్లీ తన ఊరి దక్షిణాన దివిసీమ మీదుగానే సముద్రం దాటాల్సి వచ్చింది.